దూరమునుండి బిడ్డను పరీక్షించు విధము: ఆటిజమును గూర్చి రైతు కుటుంబములకు ఒక పాఠము

గత సంచికలో వరి నారుమళ్ల పోషణమును గూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసము పైరుపచ్చలను విడిచి, ఇంటిలోని పసిబిడ్డను గూర్చి ఒక పాఠము వ్రాయదలచితిమి. వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరునకు ఈ విషయముతో నేమి పనియని కొందరడుగవచ్చును. పని గలదు. మేము తొందరపడి చెప్పిన యొక మాటవలన ఒక బిడ్డకు ఏడాదిన్నర కాలము వ్యర్థమయ్యెను. అట్టి తప్పు మరియొక యింట జరుగకుండవలెనని ఇది వ్రాయుచున్నాము.

మేము తిరుగు గ్రామములలో నొకదానియందు మన సంఘ సభ్యుడొకరు గలరు. వారి పొలములో ప్రదర్శన మడి వేసియుండుటచే తరచుగా వారి యింటికి పోవుచుండెడివారము. వారి చిన్న కుమారునకు అప్పటికి రెండేండ్లు. ఒకనాడు ఆ తల్లి మజ్జిగ తెచ్చి యిచ్చి, "అన్నయ్యగారూ, వీణ్ణి పేరు పెట్టి పిలిస్తే పలకడు. నిరుడు అమ్మ, తాత అనేవాడు, ఇప్పుడు అవీ లేవు. పొద్దస్తమానం సైకిలు చక్రం తిప్పుకుంటూ కూర్చుంటాడు. పట్నం తీసుకుపోయి చూపించమంటారా?" అని యడిగెను. మేము నాలుగక్షరములు చదివినవారమని ఆమెకు నమ్మకము. మేము బిడ్డవైపు సరిగా చూడనైన చూడక, "మగపిల్లలకు మాట ఆలస్యమమ్మా, కంగారు పడకండి" అని చెప్పి లేచి వచ్చితిమి. అదే తల్లి చీడపట్టిన వరి ఆకును తెచ్చి చూపియుండిన యెడల, దానిని త్రిప్పి, వెలుతురునకు పట్టి, మొదలు చీల్చి చూడకుండ ఒక్క మాటయు చెప్పియుండము. ఆకునకిచ్చిన పాటి శ్రద్ధ బిడ్డకు ఇయ్యకపోతిమి.

1. ఆటిజమనగా నేమి?

ఆటిజము అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. మెదడు ఎదుగుదలలో చిన్ననాటినుండియే గల యొక భేదము. దాని ఆనవాళ్లు ముఖ్యముగా రెండు తెరగులు. మొదటిది, ఇతరులతో కలియుటలోను తెలియజేయుటలోను కలుగు ఇబ్బంది: పేరు పిలిచిన తిరిగి చూడకుండుట, కావలసినదానిని వ్రేలితో చూపకుండుట, తాను చూచిన వింతను తల్లికి చూపి ఆనందింపకుండుట, వచ్చిన మాటలు పోవుట. రెండవది, చేసినదే చేయుట, ఒకే వస్తువునందు పట్టుదల, చేతులాడించుట, కొన్ని శబ్దములకు చెవులు మూసికొనుట వంటివి. ఇందొక్కటి కనబడినంతమాత్రమున ఆటిజమని తలంపరాదు. పెక్కు ఆనవాళ్లు కలిసి, పెక్కు చోట్ల, పెక్కు దినములు కనబడవలయును. మగపిల్లలలో ఎక్కువగా గుర్తింపబడుచున్నది గాని ఆడపిల్లలలోను కలదు. వారియందు కనిపెట్టక పోవుటయు తరచుగా జరుగుచున్నది.

ఇది తల్లి పెంపకపు లోపమువలన వచ్చునది కాదు. వెనుక కొందరు వైద్యులు తల్లుల ప్రేమ చాలకపోవుటయే కారణమని వ్రాసిరి. ఆ మాట తప్పని తేలినది. టీకాలవలన వచ్చునని 1998లో ఇంగ్లండు వైద్య పత్రికయొకటి ప్రకటించిన వ్యాసమును ఆ పత్రికయే 2010లో ఉపసంహరించుకొనెను. కావున కోడలిని నిందింపవలదు, టీకాలు మానవలదు.

2. ముప్పదిమూడు పుటల లేఖ

ఈ స్థితిని వైద్యలోకమునకు వివరముగా తెలిపినవారు అమెరికా దేశమున బాల్టిమోరు నగరమందలి లియో కానర్ అను పిల్లల వైద్యులు. వారు 1943లో పదునొకండుగురు పిల్లలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. అందు మొదటి బాలుడు దూరమున నున్న మిసిసిపి రాష్ట్రములోని యొక చిన్న పట్టణమువాడు. 1938లో ఆ బాలుని వైద్యునికడకు తీసికొనిపోవుటకు ముందు, తండ్రి 33 పుటల లేఖను టైపు చేయించి పంపెను. బిడ్డ ఏమి తినును, ఏ వస్తువులను గిరగిర త్రిప్పును, పిలిచిన ఎట్లుండును, ఏ మాటలను ఏ విధముగా పలుకును అను సంగతులన్నియు అందు కలవు. కానర్ తమ వ్యాసములో ఆ లేఖనుండి చాల భాగము గ్రహించిరి.

అనగా కానర్ ఈ స్థితిని వివరించినప్పుడే, దూరమున నున్న వైద్యునికి ఇంటివారి కన్నులు తోడ్పడినవి. అటుపిమ్మట ఆయన బిడ్డను స్వయముగా చూచిరి. ఈ రెండును కలిసిననే నిర్ణయము కుదిరినది. నేటి దూరపరీక్షకును మూలసూత్రమిదియే. ఫోను ఎంత మంచిదైనను, ఇంటివారు చూచి చెప్పుట సరిగా లేనిచో వైద్యుడు చేయగలిగినది కొంచెమే.

3. దూరపరీక్ష ఎట్లు ఏర్పడినది?

ఆటిజమును గుర్తించుటకు రక్తపరీక్ష లేదు, ఫొటో లేదు. నేర్చినవారు బిడ్డతో ఆడి, కనిపెట్టి, తల్లిదండ్రుల నడిగి నిర్ణయింపవలయును. అట్టి నిపుణులు పెద్ద పట్టణములందే యుందురు. పల్లెవారికి దారిఖర్చు, కూలి నష్టము, నెలల తరబడి వంతుకై కాచుకొనుట తప్పవు. అమెరికాలో టెనెసీ రాష్ట్రపు పల్లెలకును ఇదే బాధ. అచటి నాష్‌విల్లు నగరమందలి వాండర్‌బిల్టు విశ్వవిద్యాలయమువారు ఇందుకొక యుపాయము పన్నిరి. నిపుణుడు తెరమీదనుండి చెప్పుచుండగా తల్లియే బిడ్డతో ఆడును, నిపుణుడు చూచి గుర్తించును. దీనికి టెలి-ఏయస్‌డి-పీడ్స్ అని పేరు. మూడేండ్ల లోపు పిల్లలకై యేర్పడినది. ఇందు ఏడు విషయములను కనిపెట్టుదురు: ఎదుటివారినుద్దేశించి పలుకుట, కన్నులలోనికి చూచుట, వింత ధ్వనులు, చేసినదే చేయు ఆట, చేతుల కదలికలు, సైగను చూపును పలుకును కలిపి వాడుట, వస్తువులను వింతగా చూచుటయో తాకుటయో.

2020లో కరోనా వచ్చి ఆసుపత్రుల తలుపులు మూతబడగా ఇట్టి పద్ధతులు త్వరలో వ్యాపించినవి. ముఖమునకు గుడ్డ కట్టుకొని, దూరముగా కూర్చుండి చేసినచో పాత గది పరీక్షలు సరిగా సాగవు. బిడ్డ నిపుణుని ముఖమును, నవ్వును చూడవలయును గదా. ఇంటిలోని తల్లి ముఖమునకైతే ముసుగు లేదు. ఆ యేడే మార్చి 25వ తేదీన మన దేశమందును దూరవైద్యమునకు నియమములు ప్రకటింపబడినవి. ఇ-సంజీవని యను ప్రభుత్వ సేవద్వారా ఇంటినుండియే వైద్యునితో మాటాడు వీలు గలిగెను.

మన తెలుగునాట సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ యుండెడిది. ఇప్పుడు దాని పేరు బుద్ధిమాంద్యము గలవారి సాధికారతకై యేర్పడిన జాతీయ సంస్థగా మారినది. మన దేశపు పిల్లలకు తగిన ఆటిజపు కొలత నొకదానిని తయారు చేసినది ఈ సంస్థయే. అందు 40 అంశములు గలవు. ఒక్కొక్కదానికి 1 మొదలు 5 వరకు అంకెలు వేయుదురు. బిడ్డను చూచియు, ఇంటివారి నడిగియు దీనిని నింపుదురు. 70కి లోపైనచో ఆటిజము లేదనియు, అంతకు పైబడినకొలది తీవ్రత యెక్కువయనియు లెక్క. ఈ అంకెలను ఇంటివారు తమంతట వేసికొనరాదు. అది శిక్షణ పొందినవారి పని.

4. పరీక్షకు ముందు ఇంటివారు చేయవలసినవి

మేము చదివిన మిషను బడిలో ప్రకృతిపాఠము చెప్పు మాస్టరుగారు బల్లమీద ఆకునుంచి, "చూచినది వ్రాయుము, అనుకొన్నది వ్రాయకుము" అనుచుండెడివారు. ఇచ్చట ఆ సూత్రమే పాటింపవలయును. "మావాడు మొండివాడు" అని వ్రాసిన వైద్యునికి ప్రయోజనము లేదు. "వెనుకనుండి ఐదుసార్లు పిలిచితిమి, ఒక్కసారి తిరిగెను. టీవీలో పాట రాగానే పక్కగదినుండి పరుగెత్తి వచ్చెను" అని వ్రాసిన చాల ప్రయోజనము గలదు. వారము దినములు ఒక నోటుపుస్తకములో ఇట్లు వ్రాసి యుంచుడు. కాన్పు వివరములు, ఎప్పుడు కూర్చుండినది, నడచినది, మాటలు వచ్చినది, వచ్చిన మాట పోయినచో నెప్పుడు పోయినది, మూర్ఛలు వచ్చినవా, ఇంటిలో ఇట్టివారు మరెవరైన గలరా, ఇవియు చేర్చుడు.

చెవి పరీక్ష చేయింపకుండ మాటను గూర్చి నిర్ణయమునకు రారాదు. వినికిడి లోపము గల బిడ్డయు పిలిచిన పలుకడు. ఈ పరీక్ష ఫోనులో జరుగదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లాలలో పిల్లల సత్వర చికిత్సా కేంద్రములు ఏర్పడినవి. అంగన్‌వాడీ టీచరు నడిగి, అచటికి పోవు మార్గము తెలిసికొనుడు.

ముందుగా నాలుగు చిన్న వీడియోలు తీసి యుంచుట మంచిది: భోజనమువేళ ఒకటి, ఇతర పిల్లల నడుమ ఒకటి, ఒంటరిగా ఆడునప్పుడు ఒకటి, మీకు దిగులు కలిగించు చేష్టను గూర్చి ఒకటి. బిడ్డ బాగుగ నున్న గడియలే ఏరి తీయవలదు. ఈ వీడియోలను వైద్యునికి తప్ప బంధువుల వాట్సాపు గుంపులకు పంపరాదు. నేటి చిత్రము రేపు బిడ్డ పెద్దవాడైన పిమ్మటను మిగిలియుండును.

పరీక్షనాడు బిడ్డ కడుపు నిండి, నిద్ర తీరియుండవలయును. ఫోనును చేతపట్టుకొనక బిడ్డ కూర్చుండు ఎత్తున పీటమీద బియ్యపు డబ్బాకో దేనికో ఆనించి నిలుపుడు. వెలుతురు బిడ్డ ముఖముమీద పడవలెను. కిటికీ వెనుక నున్నచో ముఖము నల్లగా కనబడును. టీవీ కట్టివేయుడు. ఇద్దరు పెద్దలకంటె ఎక్కువమంది గదిలో నుండరాదు. బిడ్డకు అలవాటైన బొమ్మలు, గిన్నెలు, బంతి, మూత బిగువుగా నున్న డబ్బాలో పుట్నాలో బిస్కట్లో సిద్ధముగా నుంచుడు.

5. పరీక్షలో చేయించు పనులు, వాని భావము

మొదట బిడ్డను తన ఇచ్చవచ్చినట్లు ఆడుకొననిత్తురు. బండిని బండివలె తోలునా, చక్రమునే త్రిప్పుచు కూర్చుండునా యని చూతురు.

పిమ్మట బిడ్డ ఆటలో నుండగా పేరు పెట్టి పిలువుమందురు. ఒక్కసారి పిలిచి ఆగవలయును. భుజము తట్టుట, చిటిక వేయుట, పేరును పది మారులు అరచుట చేయరాదు. అట్లు చేసిన వైద్యుడు చూడదలచినది చెడును.

మూడవది, గోడమీది దానినో దూరపు దానినో చూపి "అదిగో" అనుట. బిడ్డ తల్లి చూపిన వైపు చూచునా, తల్లి వ్రేలినే చూచునా, ఏదియు చూడడా యనునది ముఖ్యము.

నాలుగవది, దోబూచులాట, చప్పట్లాట, చక్కిలిగింతలు వంటి అలవాటైన ఆట. నడుమ ఆగుమందురు. బిడ్డ ఇంకను కావలెనని ఎట్లు అడుగునో, తల్లి ముఖమువైపు చూచి నవ్వునో లేదో గమనింతురు.

ఐదవది మూతడబ్బా. దానిని బిడ్డకిచ్చి ఊరకుండుమందురు. బిడ్డ మూత తీయగలుగుటతో పనిలేదు. తీయలేనప్పుడు ఏమి చేయునన్నదే పరీక్ష. డబ్బా చేతికిచ్చి, కన్నులలోనికి చూచి, ఊ యని అడుగునా? లేక తల్లి ముఖము చూడకుండ, ఆమె చేతిని పట్టుకారువలె పట్టుకొని మూతమీద నుంచునా? ఇట్టి భేదము తల్లికి ప్రతిదినము కనబడుచునే యుండును గాని, అది ఒక ఆనవాలని తెలియదు.

ఇచ్చట నాయనమ్మలకును అమ్మమ్మలకును ఒక మనవి. బిడ్డ అడుగకముందే నీరు, తిండి, బొమ్మ అందించుట మన యిండ్లలో వాడుక. అది ప్రేమయే. అయినను ఆ ఇరువది నిమిషములు చేతులు కట్టుకొని యుండుడు. అడుగు నవసరము లేనిచో బిడ్డ అడుగగలడో లేదో వైద్యునకు తెలియదు.

6. దూరపరీక్షకు గల హద్దులు

చెవి, బరువు, తల కొలత, చర్మముమీది మచ్చలు ఫోనులో సరిగా తెలియవు. బిడ్డ తల్లి కన్నులలోనికి చూచెనా, పక్కకు చూచెనా యనునది కెమేరా కోణమునుబట్టి కొన్నిసార్లు తెలియరాదు. మాటలు బాగుగా వచ్చిన పెద్ద పిల్లల విషయములో ఆనవాళ్లు సూక్ష్మములగుటచే ఎదుట కూర్చుండి చూచుట తరచుగా అవసరమగును. కావున మంచి వైద్యుడు మూడు విధముల సమాధానములలో నొకటి చెప్పును: ఆటిజమని తేలినది, కాదని తేలినది, లేదా తేలలేదు, స్వయముగా రండి. ఈ మూడవ మాట చెప్పుటకు జంకని వైద్యునే నమ్ముడు. ఐదు నిమిషములు మాటాడి, బిడ్డను చూడకయే మందు కట్టి పంపెదమనువారిని నమ్మవలదు. ఆటిజమును మాన్పు మందు లేదు.

2016వ సంవత్సరపు చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఆటిజము కూడ చేరియున్నది. అయినను ఆ ధ్రువపత్రమునకై బిడ్డను ప్రభుత్వము నియమించిన వైద్యాధికారుల యెదుట చూపవలయును. ఫోను పరీక్ష ఆ పత్రమునకు బదులు కాదు. అది త్వరగా పని మొదలుపెట్టుటకు దారి.

7. ఆ బాలుని సంగతి

మేము చెప్పిన మాట నమ్మి ఆ తల్లి ఊరకుండెను. బిడ్డకు మూడున్నర యేండ్లు వచ్చినను మాట రాలేదు. అప్పుడు అంగన్‌వాడీ టీచరు పట్టుబట్టి దూరవైద్యమునకు పేరు వ్రాయించెను. వారింట సిగ్నలు చాలదని మన సంఘ కార్యాలయపు గదిలో కూర్చుండబెట్టితిమి. కొత్త చోటగుటచే బిడ్డ బల్లల క్రింద దూరి యేడ్చెను. వైద్యురాలు చూచి, "ఇది వాడి చోటు కాదు, ఆపేద్దాం" అనిరి. రెండవ దినమున వారి పెరటిలో గడ్డివామి పక్క సిగ్నలు దొరకగా అచటనే చాప పరచితిమి. ఈమారు పరీక్ష సాగెను. మూతడబ్బా వంతు వచ్చినప్పుడు బిడ్డ తల్లి మణికట్టు పట్టుకొని మూతమీద బెట్టెను. ఆమె ముఖము చూడలేదు. ఫోను పట్టుకొని పక్కన నిలిచిన మాకు, రెండేండ్లనాడే ఇది చూడదగియుండెనే యని తోచి, తల యెత్తలేకపోతిమి.

ఆటిజపు ఆనవాళ్లు స్పష్టముగా గలవని చెప్పి, చెవి పరీక్షకును స్వయముగా చూచుటకును ఆమె ఒకమారు పిలిపించిరి. వినికిడి బాగుగనే యున్నది. నిర్ణయము స్థిరపడెను. నాటినుండి బిడ్డతో ఎట్లు ఆడవలెనో, అడుగువరకు ఎట్లు ఆగవలెనో తల్లిదండ్రులకు నేర్పుచున్నారు. కొన్ని పాఠములు ఫోనులోనే జరుగుచున్నవి. ఇంటివారికి నేర్పుట వట్టి ఓదార్పు కాదు. గోవాలోను, పాకిస్తానములోని రావల్పిండిలోను నిపుణులు కాని పనివారు తల్లిదండ్రులకు నేర్పి చూడగా, పిల్లలు తల్లిదండ్రులతో తామై కలియుట హెచ్చినదని 2016లో వైద్య పత్రికయందు ప్రకటింపబడినది.

ఇప్పుడా బాలునకు ఐదవ యేడు. మాటలు కొలదియే. డబ్బాను తెచ్చి, తల్లి ముఖము చూచి, "తీ" అనును. ఏడాదిన్నర ముందు మొదలుపెట్టియుండిన ఎంత వచ్చెడిదో ఎవరును చెప్పజాలరు. ఆ తల్లి మమ్మొక్కమాట యనలేదు. నేటికిని మజ్జిగ యిచ్చుచునే యున్నది.

8. సంఘమునకు మనవి

ఏడాది నిండిన బిడ్డ పిలిచిన పలుకకున్నను, ఏడాదిన్నరకు వ్రేలితో చూపకున్నను, ఏ వయసునందైన వచ్చిన మాట పోయినను, "చూతములే" యని కాలము గడుపవలదు. అంగన్‌వాడీలోనో ఆరోగ్య కేంద్రములోనో ఆ వారమే చెప్పుడు. పరీక్షలో ఏమియు లేదని తేలిన సంతోషమే. పోవునది ఒక పూట మాత్రమే.

కార్యవర్గమువారికి మా సూచనలు మూడు. ఇంట సిగ్నలు లేని సభ్యుల కొరకు కార్యాలయపు గదిని నెలకొక ఉదయము ఖాళీచేసి యిత్తురు గాక. గదికి అలవాటు పడుటకు బిడ్డను ముందు రెండుమార్లు తీసికొనివచ్చి ఆడించుటకు అనుమతింతురు గాక. స్వయముగా రమ్మని వైద్యులు పిలిచిన కుటుంబమునకు దారిఖర్చు సంక్షేమ నిధినుండి ఇచ్చు విషయము వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చింతురు గాక.

సభ్యులలో నెవరైన తమ బిడ్డను గూర్చి మమ్మడిగినచో, ఇకమీదట మేము అభిప్రాయము చెప్పము. నోటుపుస్తకము చేతికిచ్చి, చూచినది వ్రాయుడని మాత్రము చెప్పి, ఆరోగ్య కేంద్రమువరకు తోడు వచ్చెదము.